వదిలేసిన ద్రాక్షను వెతుక్కుంటున్న ఫ్రాన్స్

ప్రపంచంలో సుమారు పదివేల ద్రాక్ష రకాలు గుర్తింపు పొందాయని అంతర్జాతీయ ద్రాక్ష, వైన్ సంస్థ 2017లో వెలువరించిన నివేదిక చెబుతోంది. అదే నివేదిక ప్రకారం కేవలం 13 రకాలు ప్రపంచ ద్రాక్ష విస్తీర్ణంలో మూడోవంతుకు పైగా ఆక్రమించుకోగా, 33 రకాలు కలిసి దాదాపు సగం విస్తీర్ణంలో సాగవుతున్నాయి. కాబెర్నె సోవిన్యోన్, మెర్లో, షార్డొనే వంటి పేర్లు ఏ దేశపు దుకాణంలోనైనా సీసాల మీద కనిపిస్తాయి. మిగిలిన వేల పేర్లలో అధికభాగం ఒక లోయకో, ఒక తాలూకాకో, కొన్ని సందర్భాల్లో ఒకే ఒక్క తోటకో పరిమితమై, అక్కడ కూడా అంతరించే దశకు చేరుకున్నాయి. గత నలభై ఏళ్లుగా ఫ్రాన్స్, స్పెయిన్, క్రొయేషియా, సైప్రస్, జార్జియా దేశాల్లో శాస్త్రజ్ఞులూ, రైతు సహకార సంఘాలూ, వైన్ తయారీదారులూ ఈ తీగలను వెతికి, గుర్తించి, మళ్లీ నాటే పనిలో పడ్డారు. ఇది కేవలం పాతదాని మీద మమకారంతో సాగుతున్న పనైతే ఇంత దూరం వచ్చేది కాదు. ఏ లోపాల వల్ల రైతు ఆ తీగలను ఒకనాడు పీకి పారేశాడో, ఆ లోపాలే మారిన వాతావరణంలో అక్కరకొచ్చే గుణాలవుతున్నాయి కాబట్టే ఈ అన్వేషణకు బలం చేకూరింది.

ద్రాక్ష రకం అంటే ఏమిటో ముందు తెలుసుకోవాలి. బంగినపల్లి టెంక పాతితే మొలిచే చెట్టు బంగినపల్లి కాయలే కాస్తుందన్న హామీ లేనట్టే, ద్రాక్ష గింజ నుంచి మొలిచే తీగ కూడా తల్లి లక్షణాలను యథాతథంగా నిలుపుకోదు. అందుకే రైతులు వేల ఏళ్లుగా కొమ్మ ముక్కలను నాటో, అంటు కట్టో ద్రాక్షను పెంచుతున్నారు. ఆ లెక్కన ఒక రకానికి చెందిన తీగలన్నీ, అవి ఎన్ని ఖండాల్లో ఉన్నా, ఎప్పుడో ఒక్క గింజ నుంచి మొలిచిన ఒకే మొక్కకు కొనసాగింపులు. ఫ్రాన్స్‌లోని ఓర్లెయాన్ నగరపు తవ్వకాల్లో దొరికిన, సుమారు 900 ఏళ్ల నాటి ద్రాక్ష గింజలోని డీఎన్ఏ నేటి సావన్యాన్ బ్లాన్ రకంతో అచ్చంగా సరిపోయిందని 2019లో వెలువడిన పరిశోధన తేల్చింది. మధ్యయుగపు తోటలో కాసిన మొక్కే నేటికీ బతికి ఉందన్నమాట. ఈ పద్ధతిలో ఉన్న బలమెంతో బలహీనతా అంతే. వరి వంగడం గింజలను శీతల గిడ్డంగిలో దాచి కొన్ని దశాబ్దాల తరువాత మొలిపించవచ్చు గాని, ద్రాక్ష రకాన్ని గింజ రూపంలో దాచడం కుదరదు. ఏదో ఒక నేలలో తీగ సజీవంగా ఉండాలి, ఎవరో ఒకరు దాన్ని ఏటా కత్తిరిస్తూ, ముసలిదైతే కొమ్మ తీసి మళ్లీ నాటుతూ ఉండాలి. చివరి తీగ ఎండిపోయిన రోజున ఆ రకం కథ ముగిసిపోతుంది.

ఐరోపాలో ఈ ముగింపులు పెద్దయెత్తున మొదలైంది పంతొమ్మిదో శతాబ్దం రెండో భాగంలో. అమెరికా ఖండం నుంచి తెచ్చిన తీగలతో పాటు మొదట బూడిద తెగులు, ఆ తరువాత ఫైలోక్సెరా అనే పురుగు, 1878లో బూజు తెగులు వరసగా దిగుమతి అయ్యాయి. వీటిలో ఫైలోక్సెరా అన్నిటికన్నా దారుణమైనది. పేనుబంక జాతికి దగ్గరి చుట్టమైన ఈ సూక్ష్మకీటకం వేళ్లను కుట్టి రసం పీలుస్తుంది. ఆ గాయాలు కుళ్లి తీగ రెండు మూడేళ్లలో చచ్చిపోతుంది. దక్షిణ ఫ్రాన్స్‌లో 1860ల మొదట్లో కారణం తెలియని చావుగా మొదలైన ఈ ఉపద్రవానికి మూలం వేళ్ల మీది పురుగేనని 1868లో మోంపెలియే వృక్షశాస్త్రజ్ఞుడు జూల్-ఎమీల్ ప్లాన్షోన్, ఆయన సహచరులు కనుగొన్నారు. 1875లో సుమారు 8.45 కోట్ల హెక్టోలీటర్లున్న ఫ్రాన్స్ వైన్ ఉత్పత్తి 1889 నాటికి 2.34 కోట్లకు పడిపోయిందంటే ఆ విధ్వంసం ఎంతటిదో ఊహించవచ్చు. ఒక హెక్టోలీటరు నూరు లీటర్లకు సమానం. చివరికి దొరికిన విరుగుడు కూడా అమెరికా నుంచే వచ్చింది. ఆ పురుగుతో కలిసి పరిణమించిన అమెరికా ద్రాక్ష జాతుల వేళ్లు దాని కాటుకు తట్టుకుంటాయి గనక, కింద అమెరికా వేరు, పైన ఐరోపా కొమ్మ ఉండేలా అంటు కట్టే పద్ధతి స్థిరపడింది. నేటికీ ప్రపంచంలోని వైన్ తోటల్లో అత్యధికం ఈ అంటు మీదే నిలబడి ఉన్నాయి.

అయితే అంటు కట్టి తోటనంతా కొత్తగా నాటడం ఖర్చుతో కూడిన పని. చేతిలో డబ్బు లేని రైతు ఏ రకాన్ని మళ్లీ నాటాలో తేల్చుకోవలసి వచ్చినప్పుడు దిగుబడి ఎక్కువున్నదాన్నో, త్వరగా పండేదాన్నో, మార్కెట్‌లో పేరున్నదాన్నో ఎంచుకున్నాడు. అంతకుముందు ఒకే తోటలో పది ఇరవై రకాలు కలగలిపి నాటడం సాధారణం. ఒకదానికి పూత రాలినా ఇంకొకటి కాస్తుందన్న ధీమా ఆ పద్ధతిలో ఉండేది. ఇరవయ్యో శతాబ్దం ఆ కలగలుపును చాలావరకు చెరిపేసింది. 1935లో ఫ్రాన్స్ ప్రవేశపెట్టిన భౌగోళిక గుర్తింపు చట్టం ప్రతి ప్రాంతపు వైన్‌కూ అనుమతించిన రకాల జాబితాను నిర్ణయించింది. నకిలీలను అరికట్టడానికి అవసరమైన చట్టమే అయినా, జాబితాకెక్కని రకాలకు అది మరణశాసనంగా మారింది. 1956 ఫిబ్రవరిలో వచ్చిన తీవ్రమైన మంచు బోర్డో ప్రాంతపు తోటలను దెబ్బతీసినప్పుడు తిరిగి నాటిన వాటిలో పెద్ద వాటా మెర్లోకు దక్కింది. నిజానికి అంతరించిన రకాలన్నీ అన్యాయమైపోయిన రత్నాలని అనుకోవడం పొరపాటు. వాటిలో చాలావాటి వైన్ నీళ్లలా ఉండేదని, కొన్ని తెగుళ్లకు ఇట్టే లొంగేవని, కొన్ని అక్టోబరు చివరికీ పండకుండా వర్షానికి కుళ్లిపోయేవని పాత వ్యవసాయ గ్రంథాలు రాశాయి. రైతు మూర్ఖుడై వదిలేయలేదు. తన కాలపు ఎండకూ, తన కాలపు ధరకూ తగిన నిర్ణయమే తీసుకున్నాడు.

ఈ నష్టం మధ్యలో ఒక ముందుచూపు కూడా పనిచేసింది. ఫైలోక్సెరా ఉధృతంగా ఉన్న 1876లోనే మోంపెలియే వ్యవసాయ కళాశాల ద్రాక్ష రకాల సేకరణ మొదలుపెట్టింది. 1949లో ఆ సేకరణను మధ్యధరా తీరాన, సెత్ పట్టణానికి సమీపంలో సముద్రానికీ ఉప్పునీటి కయ్యకూ నడుమనున్న ఇసుక దిబ్బ మీద వాసాల్ అనే చోటికి తరలించారు. ఫైలోక్సెరా ఇసుకలో బతకలేదు. కాబట్టి అక్కడ అంటు అవసరం లేకుండా తీగలను సొంత వేళ్ల మీదే పెంచవచ్చు. ఫ్రాన్స్ జాతీయ వ్యవసాయ పరిశోధన సంస్థ నిర్వహణలో ఉన్న ఈ తోటలో యాభైకి పైగా దేశాల నుంచి తెచ్చిన సుమారు 8,000 నమూనాలు పెరుగుతున్నాయి. ఒక్కో నమూనాకు నాలుగైదు మొక్కలే ఉండే ఈ తోట పంట కోసం కాదు, పోల్చి చూసుకోవడం కోసం. ఎక్కడో గుర్తుతెలియని తీగ కనిపిస్తే అది ఏ రకమో తేల్చడానికి ఆధారంగా నిలిచే సజీవ గ్రంథాలయాల్లో ఇది ప్రపంచంలోనే పెద్దది.

ఆ పోలిక మొదట్లో కంటితోనే సాగేది. ఆకు తమ్మెల లోతు, ఈనెల మధ్య కోణాలు, ఆకు అంచు పళ్ల ఆకారం, లేత చిగురు రంగు, దాని మీది నూగు, గుత్తి అమరిక, గింజ ముక్కు పొడవు వంటి లక్షణాలను బట్టి రకాన్ని నిర్ణయించే ఈ విద్యను ఆంపెలోగ్రఫీ అంటారు. ఇరవయ్యో శతాబ్దంలో మోంపెలియేకు చెందిన పియేర్ గాలే దానిని కొలతల మీద నిలబడ్డ క్రమశాస్త్రంగా తీర్చిదిద్దాడు. ఆయన 2019లో మరణించేనాటికి ఆ రంగంలో ఆయన పుస్తకాలు తిరగేయనివారు లేరు. ఈ విద్య ఎంతటి ఫలితాన్నివ్వగలదో 1994 నవంబరులో చిలీ దేశంలో రుజువైంది. ఒక శాస్త్ర సదస్సు కోసం అక్కడికి వెళ్లిన, ఈ విద్యలో నిపుణుడైన జాన్-మిషెల్ బుర్సికో శాంటియాగోకు దక్షిణాన ఒక తోటను చూస్తూ, మెర్లో అని అందరూ చెబుతున్న తీగల పూలలో కేసరాలు మెలి తిరిగి ఉండటం గమనించాడు. మెర్లో పువ్వు అలా ఉండదు. అది బోర్డోలో ఒకప్పుడు విరివిగా పండి, ఫైలోక్సెరా తరువాత దాదాపు మాయమైన కార్మెనేర్ అని ఆయన తేల్చాడు. పురుగు రాకముందే, పంతొమ్మిదో శతాబ్దం మధ్యలో బోర్డో నుంచి చిలీకి వెళ్లిన కొమ్మలతో పాటు అది కూడా ప్రయాణించి, మెర్లోతో కలిసిపోయి, వేరే పేరు మీద వందేళ్లకు పైగా బతికింది. ఫ్రాన్స్ రైతులు దాన్ని మళ్లీ నాటకపోవడానికి కారణం పూత సరిగా నిలవక పిందె కట్టకపోవడం, ఆలస్యంగా పండటం. చల్లగా, తడిగా ఉండే బోర్డో వసంతంలో అది పెద్ద లోపం. వేసవి పొడవునా వానలేని చిలీ మధ్యలోయలో అది లోపమే కాలేదు. 1998లో చిలీ ప్రభుత్వం దాన్ని ప్రత్యేక రకంగా గుర్తించింది. నేడు ఆ దేశపు వైన్‌కు అదే ముఖచిత్రం.

కంటి విద్యకు ఒక హద్దు ఉంది. గాలే, బుర్సికో వంటి నిపుణులు తరానికి ఒకరిద్దరే పుడతారు. పైగా ఆకు చూసి రకాన్ని చెప్పవచ్చు గాని దాని వంశాన్ని చెప్పడం కష్టం. 1990లలో అందుబాటులోకి వచ్చిన డీఎన్ఏ గుర్తుల పరీక్ష ఈ కొరతను తీర్చింది. జీవకణంలోని డీఎన్ఏలో కొన్నిచోట్ల రెండు మూడు అక్షరాల చిన్న వరస పదేపదే పునరావృతమవుతుంది. ఎన్నిసార్లు అవుతుందన్నది రకానికీ రకానికీ మారుతుంది. ప్రతి చోటా మొక్కకు రెండు ప్రతులుంటాయి, ఒకటి తల్లి నుంచీ రెండోది తండ్రి నుంచీ వచ్చినవి. ఇలాంటి చోట్లు కొన్నింటిని పరీక్షిస్తే ఆ రకపు వేలిముద్ర దొరుకుతుంది. రెండు తీగల వేలిముద్రలు ఒకటే అయితే వాటి పేర్లు వేరైనా రకం ఒకటే. ప్రతి చోటా ఒక ప్రతి ఒక రకంతోనూ, రెండో ప్రతి మరో రకంతోనూ కలిస్తే ఆ రెండూ దానికి తల్లిదండ్రులు. కాలిఫోర్నియా విశ్వవిద్యాలయపు డేవిస్ ప్రాంగణంలో కారొల్ మెరెడిత్, ఆమె సహచరుడు జాన్ బవర్స్ 1997లో ఈ పద్ధతితోనే కాబెర్నె సోవిన్యోన్ తల్లిదండ్రులు కాబెర్నె ఫ్రాన్, సోవిన్యోన్ బ్లాన్ అని నిరూపించారు. ఎర్ర వైన్‌కు పట్టపురాణి అనదగ్గ రకానికి తెల్లద్రాక్ష ఒక మాతృరకమని తేలడం ఆనాడు సంచలనమే అయింది.

రెండేళ్ల తరువాత మోంపెలియే శాస్త్రజ్ఞులతో కలిసి వారు వెలువరించిన ఫలితం మరింత విచిత్రమైనది. షార్డొనే, గమే సహా ఈశాన్య ఫ్రాన్స్‌కు చెందిన 16 రకాలు పీనో, గూయే బ్లాన్ అనే రెండు రకాల సంకరం వల్ల పుట్టాయని తేలింది. గూయే బ్లాన్ మధ్యయుగంలో పేద రైతులు పండించుకున్న నాసిరకం. దాన్ని నాటరాదని పాలకులు పలుమార్లు ఆంక్షలు కూడా పెట్టారు. ఆ ఆంక్షలు పూర్తిగా అమలై, అది ముందే నశించి ఉంటే షార్డొనే అనే మాటే లోకంలో వినిపించేది కాదు. నాసిరకమని ముద్రపడ్డ మొక్క సంతానం పరంగా ఎంత విలువైనదో ముందుగా చెప్పడం అసాధ్యమనడానికి ఇంతకన్నా సాక్ష్యం అక్కర్లేదు. మెర్లో కథ కూడా ఇలాంటిదే. దాని తండ్రి కాబెర్నె ఫ్రాన్ అని తెలిసినా తల్లి ఎవరో ఏ సేకరణలోనూ దొరకలేదు. 1990లలో బ్రిటనీలోని సాన్ సుల్యాక్ అనే ఊరి దగ్గర, ఒకప్పుడు ద్రాక్ష పండిన కొండవాలు మీద దిక్కులేకుండా పెరుగుతున్న ఒక తీగ కొమ్మను పరిశోధకులు తెచ్చి వాసాల్‌లో నాటారు. ఆ తరువాత పశ్చిమ ఫ్రాన్స్‌లోని షారాంత్ ప్రాంతపు పల్లెల్లో, ఇళ్ల ముందు పందిరి ఎక్కి ఉన్న మరికొన్ని తీగలు అదే రకమని తేలింది. అక్కడివారు జులైలో వచ్చే మాదెలేన్ పండుగనాటికే పండుతుందని దానికి ఆ పేరు పెట్టుకున్నారు. అదే మెర్లోకు తల్లి అని 2009లో ప్రకటించి, దానికి మాదెలేన్ న్వార్ దే షారాంత్ అని పూర్తి పేరు నమోదు చేశారు. మాల్బెక్ అనే మరో ప్రసిద్ధ రకానికి కూడా అదే తల్లి. కోట్ల సీసాల వైన్‌కు మూలమైన ఆ మొక్క కేవలం ఇంటి ముందు నీడకూ పిల్లలు తినే పండ్లకూ పనికొచ్చి బతికిపోయింది.

క్రొయేషియాలో జరిగిన అన్వేషణలో అమెరికా ఆసక్తి కూడా కలిసింది. కాలిఫోర్నియా తమ సొంతమని చెప్పుకునే జిన్‌ఫాండెల్ రకం ఐరోపాలో ఎక్కడిదో చాలాకాలం ఎవరికీ అంతుపట్టలేదు. ఇటలీలోని ప్రిమితీవో అదేనని తెలిసినా, ప్రిమితీవో ఇటలీకి ఎక్కడినుంచి వచ్చిందన్న ప్రశ్న మిగిలింది. 1998లో మెరెడిత్, జాగ్రెబ్ విశ్వవిద్యాలయానికి చెందిన ఇవాన్ పేయిచ్, ఎదీ మలెతిచ్‌లతో కలిసి డాల్మేషియా తీరమంతా తిరిగి నమూనాలు సేకరించింది. ముందు అనుమానించిన ప్లావాట్స్ మాలి అనే స్థానిక రకం జిన్‌ఫాండెల్ కాదనీ, దాని సంతానమనీ తేలింది. సంతానం అక్కడ ఉంటే తల్లి కూడా అక్కడే ఉండాలన్న తర్కంతో వెతుకులాట కొనసాగి, 2001లో స్ప్లిట్ నగరానికి దగ్గరలోని కాష్టెల్ నోవి అనే ఊరి తోటలో రకరకాల తీగల మధ్య నిలిచిన కొద్దిపాటి మొక్కలు జిన్‌ఫాండెల్‌తో సరిపోయాయి. స్థానికులు దాన్ని త్స్‌ర్లియెనాక్ కాష్టెలాన్స్కి అని పిలిచేవారు. స్ప్లిట్‌లోని ప్రకృతిశాస్త్ర ప్రదర్శనశాలలో ఎండబెట్టి దాచిన పాత ఆకు నమూనాను ఆ తరువాత పరీక్షించగా, మధ్యయుగం నుంచి పత్రాల్లో ప్రస్తావనకొచ్చే త్రిబిద్రాగ్ అనే రకం కూడా ఇదేనని రుజువైంది. ఒక మహాసముద్రం అవతల వేల హెక్టార్లలో పండుతున్న రకం పుట్టిన గడ్డ మీద పిడికెడు మొక్కలకు కుదించుకుపోయిన వైనం ఇది.

ఈ కథలన్నీ వెతుకులాట గురించి చెబుతాయి. వెతికి పట్టుకున్న తరువాత ఏం చేయాలన్నదానికి నైరుతి ఫ్రాన్స్‌లోని జేర్స్ జిల్లా మంచి ఉదాహరణ. పిరెనీ పర్వతాల పాదాన, ఆదూర్ నది పరీవాహంలో ఉన్న సాన్-మోన్ ప్రాంతపు రైతులు 1970ల చివర ప్లేమోన్ అనే సహకార సమాఖ్యగా ఏకమయ్యారు. ఆనాడు ఆ జిల్లాలో ఎక్కువ ద్రాక్ష బ్రాందీ తయారీకి పోయేది. పేరున్న బోర్డో రకాలను నాటుకుంటే బోర్డోతో పోటీపడలేమని గ్రహించిన సమాఖ్య నాయకుడు ఆంద్రే దుబోస్క్, తమ నేలకే సొంతమైన తనా, పెతీ కూర్బూ, అర్యుఫియాక్ వంటి రకాలను ముందుకు తెచ్చాడు. పాత తోటల్లో పేర్లు తెలియని తీగలెన్నో ఉన్నాయని ఆ క్రమంలో బయటపడింది. వాటన్నిటి కొమ్మలనూ తెచ్చి 2002లో ఒక సంరక్షణ తోట నాటారు. అందులో మూడు డజన్ల పైచిలుకు రకాలుండగా, పన్నెండింటికి ఏ సేకరణలోనూ జోడు దొరకలేదు. ఒక ప్రాంతంలో ఇన్ని అజ్ఞాత రకాలు మిగలడానికి కారణం భూగోళమూ, చిన్నకమతాల సంప్రదాయమూ కావచ్చు. వాణిజ్య కేంద్రాలకు దూరంగా ఉన్న జేర్స్ రైతు పీకేసి కొత్తది నాటేంత డబ్బు లేక పాతదాన్నే కత్తిరించుకుంటూ వచ్చాడు.

ఆ ప్రాంతంలోనే సరగాషీ అనే ఊళ్లో సుమారు 1820 నాటిదని అంచనా వేసిన ఒక చిన్న తోట ఉంది. ఇసుక పాలు ఎక్కువున్న నేల కావడంతో ఫైలోక్సెరా అక్కడ చొరబడలేకపోయింది. దాదాపు 600 తీగలు నేటికీ సొంత వేళ్ల మీదే ఉన్నాయి. అరక రెండు దిశల్లోనూ తిరిగేలా చదరపు గళ్లుగా, ఒక్కో గుంతకు రెండేసి మొక్కలుగా నాటిన ఆనాటి పద్ధతి చెక్కుచెదరలేదు. అందులో ఇరవైకి పైగా రకాలు గుర్తించారు. 2012లో ఫ్రాన్స్ ప్రభుత్వం దీన్ని చారిత్రక కట్టడాల జాబితాలో చేర్చింది. కోటలకూ చర్చిలకూ ఉద్దేశించిన జాబితాలోకి పెరుగుతున్న మొక్కలు చేరడం ఆ దేశంలో అదే మొదలు. ఒక కుటుంబం తరాల తరబడి దాన్ని పీకకుండా ఉంచడమే తప్ప ఏ ప్రభుత్వ పథకమూ ఆ తోటను కాపాడలేదన్న సంగతి మాత్రం గుర్తుంచుకోవాలి.

దొరికిన తీగ తోటలోంచి సీసాలోకి చేరడానికి పదిహేను ఇరవై ఏళ్లు పడుతుంది. మొదటి అడ్డంకి వైరస్. కొమ్మ నుంచి కొమ్మకు సాగే మొక్కలో తరాల నాటి జబ్బులన్నీ పేరుకుంటాయి. ఆకు చుట్టుకుపోయే వైరస్, ఆకును విసనకర్రలా వికృతం చేసే వైరస్ వీటిలో ముఖ్యమైనవి. రోగపు మొక్కను వేడిగా ఉండే గదిలో పెంచి, చిగురు కొసలోని ఇంకా వైరస్ చేరని కణజాలాన్ని సూక్ష్మదర్శిని కింద కత్తిరించి, గాజునాళికలో పెంచితే శుభ్రమైన మొక్క వస్తుంది. ఆ తరువాత అంటు కట్టి కొన్ని వరసలు నాటి, మూడో ఏటికి కాపు రాగానే కొద్ది కిలోల పండుతో చిన్న పాత్రల్లో వైన్ పులియబెట్టి చూస్తారు. ఒక్క ఏటి రుచితో తేల్చడానికి వీల్లేదు. ఎండాకాలం ఒక ఏడు ఒకలా, మరో ఏడు మరోలా ఉంటుంది గనక అనేక పంటలు పోల్చాలి. ఇదంతా పూర్తయినా రకాన్ని జాతీయ జాబితాలో నమోదు చేయనిదే వాణిజ్య సాగు చట్టవిరుద్ధం. వందల ఏళ్లుగా ఆ ఊళ్లోనే ఉన్న మొక్కను కొత్త వంగడంలా దరఖాస్తు పెట్టి, అది ప్రత్యేకమైనదనీ, స్థిరమైనదనీ నిరూపించుకోవలసి రావడం ఈ వ్యవస్థలోని వింత.

సాన్-మోన్ తోటలో వెలికివచ్చిన రకాల్లో తార్దీఫ్, మాన్సాంగ్ న్వార్ అనే రెండు ఎర్ర రకాల మీద ఎక్కువ పరిశోధన జరిగింది. తార్దీఫ్ ఆలస్యంగా పండుతుంది. దాని వైన్‌లో మిరియపు ఘాటు బాగా తెలుస్తుంది. నల్ల మిరియానికి ఆ వాసననిచ్చే రొటన్‌డోన్ అనే రసాయనమే ఈ ద్రాక్ష తొక్కలో ఎక్కువ మోతాదులో ఉన్నట్టు విశ్లేషణల్లో తేలింది. మాన్సాంగ్ న్వార్‌లో రంగు గాఢంగా ఉంటుంది గాని చక్కెర తక్కువ, అందువల్ల వైన్‌లో ఆల్కహాల్ కూడా తక్కువ. పులియడం అంటే ఈస్టు చక్కెరను ఆల్కహాల్‌గా మార్చడమే కాబట్టి, చక్కెర తక్కువైన పండును ఇరవయ్యో శతాబ్దపు రైతు లోపభూయిష్టంగా భావించాడు. వైన్ ధరను ఆల్కహాల్ శాతాన్ని బట్టి కట్టే రోజుల్లో చక్కెర లేని ద్రాక్ష అంటే డబ్బు లేని ద్రాక్ష.

ఆ లెక్క ఇప్పుడు తలకిందులైంది. బర్గండీలోని బోన్ పట్టణంలో ద్రాక్ష కోతల తేదీలు 1354 నుంచి 2018 దాకా వరసగా లభిస్తున్నాయి. 1987 వరకు సగటున సెప్టెంబరు 28న మొదలైన కోత, 1988 తరువాత సగటున 13 రోజులు ముందుకు జరిగింది. వేడి పెరిగినప్పుడు పండులో చక్కెర తొందరగా పేరుకుంటుంది. పులుపునిచ్చే మాలిక్ ఆమ్లం తొందరగా కరిగిపోతుంది. తొక్కలోని రంగు, వగరు, సువాసనలు మాత్రం అదే వేగంతో పక్వానికి రావు. ఫలితంగా రైతు సువాసన కోసం ఆగితే వైన్ మరీ ఘాటెక్కుతుంది, ఆల్కహాల్ తగ్గించాలని ముందే కోస్తే పచ్చి వాసన మిగులుతుంది. ఇలాంటి స్థితిలో ఆలస్యంగా పండే తార్దీఫ్, చక్కెర తక్కువున్న మాన్సాంగ్ న్వార్ వంటివి వరంలా కనిపించడంలో ఆశ్చర్యం లేదు. చలి ఎక్కువగా ఉన్న శతాబ్దాల్లో అక్టోబరు దాటినా పండని రకాలను వెనక్కి నెట్టినవారు అప్పటికి సరైన పనే చేశారు. ఇప్పుడు వాటిని వెనక్కి తెస్తున్నవారిదీ అదే తర్కం.

స్పెయిన్‌లోని కతలోనియాలో తోరెస్ కుటుంబపు వైన్ సంస్థ ఇదే దారి పట్టింది. మిగెల్ తోరెస్ 1980లలో స్థానిక పత్రికల్లో ప్రకటనలిచ్చి, తమ పొలాల్లో గుర్తుపట్టలేని ద్రాక్ష తీగలున్న రైతులు కబురు చేయవలసిందిగా కోరాడు. ఫైలోక్సెరాకు ముందు నాటి వారసత్వాన్ని నిలపాలన్నదే అప్పటి ఉద్దేశం. ఆ పిలుపుతో ఇంతవరకు 50కి పైగా రకాలు వెలికివచ్చినా, వైన్‌కు నిజంగా పనికొచ్చేవి అరడజను మాత్రమే. తరువాతి కాలంలో వాటిలో ఫోర్కాదా అనే తెల్లరకం మీద ఆసక్తి ప్రత్యేకంగా పెరిగింది. ఎండ ముదిరినా పులుపు నిలుపుకోవడం, బాగా ఆలస్యంగా పండటం దాని బలాలు. యాభైలో అరడజను అన్న ఈ నిష్పత్తి నిరుత్సాహపరచేలా ఉన్నా, పండ్ల పరిశోధనలో ఇది తక్కువేమీ కాదు.

కొన్ని రకాలు వెనకబడటానికి కారణం వాటి పువ్వులోనే ఉంది. అడవి ద్రాక్షలో ఆడ, మగ తీగలు వేరువేరుగా ఉంటాయి. సాగులోకి వచ్చిన రకాల్లో అత్యధికం ఒకే పువ్వులో రెండు భాగాలూ ఉన్నవి. సైప్రస్ దీవికి చెందిన మారథెఫ్టికో మాత్రం ఆడ పువ్వులే పూస్తుంది. అదొక్కటే తోటనిండా నాటితే పుప్పొడి అందక గుత్తిలో సగం గింజలు కట్టవు. పాత రైతులు దాన్ని వేరే రకాల మధ్య చెదురుగా నాటడంలోని మర్మం అదే. సైప్రస్‌కు ఫైలోక్సెరా సోకలేదు కాబట్టి ఆ తీగలు మిగిలాయి, ఇప్పుడు పుప్పొడినిచ్చే రకాలను వరసల మధ్య నాటి దాన్ని పెంచుతున్నారు. ఇక 525 దేశీయ రకాలు తనవని లెక్కచెప్పే జార్జియాలో సోవియట్ ప్రణాళికలు ర్కాత్సితేలి, సాపెరావి అనే రెండింటికే పెద్దపీట వేశాయి. మిగిలినవి ఇళ్ల పెరళ్లలోనూ పరిశోధన తోటల్లోనూ తలదాచుకుని, ఇప్పుడిప్పుడే తిరిగి పొలాల్లోకి వస్తున్నాయి.

తెలుగు నేలకు ఈ చరిత్రతో సంబంధం వైన్ ద్వారా కాదు, తినే ద్రాక్ష ద్వారా ఏర్పడింది. పంతొమ్మిదో శతాబ్దం చివర హైదరాబాదులో అబ్దుల్ బాకర్ ఖాన్ ప్రవేశపెట్టినట్టు చెప్పే అనాబ్-ఎ-షాహీ రకం దశాబ్దాలపాటు ఆ నగరం చుట్టుపట్ల తోటలకు ఊపిరి పోసింది. పొడవాటి పెద్ద పండ్లు, బరువైన గుత్తులు, మంచి దిగుబడి దాని బలాలు కాగా, పండులో గింజ ఉండటం, బూజు తెగులుకు లొంగిపోవడం దాని లోపాలు. మార్కెట్ గింజలేని థామ్సన్ వైపు మళ్లడం, నగరం పెరిగి తోటలను మింగేయడం రెండూ కలిసి దాన్ని వెనక్కి నెట్టాయి. అయినా అది పూర్తిగా నిష్ఫలం కాలేదు. బెంగళూరులోని భారతీయ ఉద్యాన పరిశోధన సంస్థ దాన్ని మాతృరకంగా తీసుకుని పలు సంకరాలు రూపొందించింది. వాటిలో అనాబ్-ఎ-షాహీని క్వీన్ ఆఫ్ వైన్‌యార్డ్స్ అనే రకంతో సంకరించగా వచ్చిన అర్కా సోమను తెల్ల వైన్‌కు అనువైనదిగా విడుదల చేశారు. భారతీయ వైన్ పరిశ్రమ నేటికీ ఎక్కువగా ఫ్రెంచి రకాల మీదే ఆధారపడుతుండగా, ఉష్ణమండలపు ఎండకు అలవాటుపడ్డ ఇలాంటి రకాల మీద పరిశోధన ఇంకా విస్తరించవలసి ఉంది.

వెలికితీసినవాటిని దాచే చోటికే ఇప్పుడు ముప్పు వచ్చింది. ఫైలోక్సెరా నుంచి వాసాల్‌ను కాపాడిన ఇసుక దిబ్బ సముద్ర మట్టానికి అతి కొద్ది ఎత్తులో ఉంది. సముద్రం పెరిగే కొద్దీ ఉప్పునీరు భూగర్భంలోకి చొచ్చుకొస్తుండటంతో ఆ సేకరణను గ్రూయిసాన్ సమీపంలోని పేష్ రూజ్ అనే పరిశోధన క్షేత్రానికి తరలించే పని ప్రారంభించారు. వేలాది నమూనాలను ఒక్కొక్కటిగా వైరస్ పరీక్ష చేసి, పేరు సరిచూసి, మళ్లీ నాటడం కొన్నేళ్లపాటు సాగే శ్రమ. తరలింపులో చీటీ మారితే మొక్క బతికినా దాని పేరు పోతుంది. అలాంటి పొరపాట్లు పాత సేకరణల్లో అరుదు కాదు కాబట్టి ప్రతి నమూనాకూ డీఎన్ఏ వేలిముద్ర జతచేయడం ఇప్పుడు తప్పనిసరి అయింది.

చట్టాలు కూడా నెమ్మదిగానైనా కదులుతున్నాయి. 2021 జనవరిలో ఫ్రాన్స్ భౌగోళిక గుర్తింపు సంస్థ బోర్డో వైన్‌లో ఆరు కొత్త రకాలను ప్రయోగాత్మకంగా అనుమతించింది. అందులో పోర్చుగల్‌కు చెందిన తూరీగా నాసియొనాల్, ఇటీవలి సంకరాలైన మార్సెలాన్, అరినార్నోవా వంటివాటితో పాటు, ఒకప్పుడు బోర్డోలోనే పుట్టి పూర్తిగా మరుగునపడ్డ కాస్తె కూడా ఉంది. తన ఊళ్లోకి అది కొత్తవాడి హోదాలో తిరిగివచ్చింది. నిబంధనల ప్రకారం ఈ రకాలు ఒక తోట విస్తీర్ణంలో 5 శాతాన్నీ, వైన్ మిశ్రమంలో 10 శాతాన్నీ మించరాదు. పదేళ్ల పరిశీలన తరువాత వీటిని కొనసాగించాలా లేదా అన్నది నిర్ణయిస్తారు. 2021లో నాటిన తీగ కాపుకొచ్చేది మూడో ఏడాదికో నాలుగో ఏడాదికో, వైన్ పీపాలో నిలిచి సీసాకెక్కేది మరో ఏడాది రెండేళ్లకు. అంటే తీర్పు చెప్పే నాటికి న్యాయమూర్తుల ముందుండేవి అయిదారు పంటలకు మించవు.